ధుబ్రీ దగ్గర నీటిమట్టం

ధుబ్రీ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది మురిగిన జనపనార కంపు. కోసిన కట్టల్ని గుంటల్లో ముంచి, పైన మట్టిపెళ్ళలు పెట్టి, నార ఊడొచ్చేదాకా అలా వదిలేస్తారు. వానాకాలం చివర్లో ఆ వాసన ఊరంతా కమ్మేసేది. దుప్పటికీ, అన్నానికీ, ఆఖరికి మా అమ్మ రాసిన ఇన్‌లాండ్ లెటరుకీ అదే. ఆ సంగతి రాస్తే, "తినగా తినగా వేము, పీల్చగా పీల్చగా ఇదీనూ" అని జవాబు రాసింది.

1988 సంగతి. నదుల నీటిమట్టం కొలిచి వరద హెచ్చరికలు పంపే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. పోస్టింగు అస్సాంలో అనగానే మావాళ్ళు కామాఖ్య గుడీ, టీ తోటలూ ఊహించుకున్నారు. నాకు దక్కింది ఆ రాష్ట్రానికి పడమటి కొసన, బంగ్లాదేశ్ సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉన్న ఊరు. మొహం మాడ్చుకునే బస్సు దిగాను. ఏటి ఒడ్డున కూర్చుని బదిలీ దరఖాస్తులు రాసుకునే ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ఒడ్డు వాలు మీద మెట్లు మెట్లుగా పాతిన స్తంభాలు, వాటిమీద సెంటీమీటర్ల గీతలు. నది పెరిగే కొద్దీ కింది స్తంభం మునిగి పైది పనిలోకి వస్తుంది. గీత చూసి అంకె పుస్తకంలో ఎక్కించాలి, వైర్‌లెస్‌లో చెప్పాలి. గీత చూసేది మాత్రం నేను కాదు. యాభై దాటిన స్థానికుడొకాయన ఉండేవాడు. నేను చాచా అనేవాణ్ణి, ఆయన నన్ను ఇంజనీర్ బాబూ అనేవాడు. ఆయన మొహం ఇప్పుడు సరిగ్గా రావడం లేదు. మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టిన ఆయన టార్చిలైటు మాత్రం కళ్ళకు కట్టినట్టుంది. అర్ధరాత్రి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, అల లేచినప్పుడు ఒక గీత, దిగినప్పుడు ఒక గీత, అలా నాలుగైదు సార్లు చూసి మధ్య అంకె చెప్పేవాడు. ఒక్క అల చూసి చెప్పమంటే ఒప్పుకునేవాడు కాదు.

మా ఆఫీసు గోడ మీద ఒక పటం ఉండేది. అందులో బ్రహ్మపుత్ర ధుబ్రీ దాటి గారో కొండల పక్కనుంచి దక్షిణానికి తిరగ్గానే ఆగిపోయేది. అవతల తెల్ల కాగితం. పైన కూడా అంతే, అరుణాచల్ అంచు దగ్గరే మొదలయ్యేది. నిజానికి ఆ నది మానససరోవరం వైపు హిమానీనదాల్లో పుట్టి, సాంగ్‌పో పేరుతో టిబెట్‌లో తూర్పుగా వెయ్యి మైళ్ళు ప్రయాణించి, 7,782 మీటర్ల నామ్చా బర్వా శిఖరాన్ని చుట్టి ఒక్కసారిగా దక్షిణానికి మళ్ళి లోయలోకి దూకుతుంది. అరుణాచల్‌లో సియాంగ్. దిబాంగ్, లోహిత్ వచ్చి కలిశాక బ్రహ్మపుత్ర. ధుబ్రీ దాటాక జమున. గోయాలుందో దగ్గర గంగతో, చాంద్‌పూర్ దగ్గర మేఘనతో కలిసి సముద్రంలోకి. ఇదంతా నాకు చదువులో తెలిసిందే. కానీ రోజూ కళ్ళెదురుగా ఉన్నది ఆ గోడ మీది పటమే కాబట్టి, నది మా దగ్గర అయిపోతుందన్నట్టే ఉద్యోగం చేశాను.

అలా అనుకోవడానికి నాకంటే అనర్హుడు ఉండడు. మాది కోనసీమలో లంక ఊరు. 1986 ఆగస్టు వరద మా మీదుగానే పోయింది. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు మేం రేడియోకి చెవులప్పగించి ఏటిగట్టు మీద కూర్చున్నాం. అక్కడ తీస్తోందన్న వార్త మాకు చల్లని కబురేం కాదు. అక్కడ తీసిన నీళ్ళు మా మీదికి రావాలి కదా. గొడ్లను ఎప్పుడు విప్పాలో, గాదెలో ధాన్యం ఎప్పుడు ఎత్తాలో ఆ భద్రాచలం అంకె చూసే మా నాన్న నిర్ణయించాడు. ఆ అంకె చూసి చెప్పిన మనిషెవరో ఏనాడూ ఆలోచించలేదు.

ధుబ్రీలో ప్రమాద స్థాయి 28.62 మీటర్లు. 1988 ఆగస్టు 28న నీరు 30.36కి ఎక్కింది. గంట గంటకీ రీడింగులు. మా బూట్లు తడిసి తడిసి అట్టలు ఊడాయి. ఆ తర్వాత మట్టం తగ్గడం మొదలైంది. హమ్మయ్య అనుకుని, ఇక గంటకోసారి దేనికి చాచా, మూడు గంటలకోసారి చాలదా అన్నాను. ఆయన కోప్పడలేదు. "ఇక్కడ దిగితే నీకు అయిపోయినట్టు బాబూ. కిందవాళ్ళకి ఇప్పుడే కదా మొదలు" అన్నాడు. భద్రాచలం అంకె విని పెరిగిన వాడికి ఆ మాట ఒకరు చెప్పవలసి వచ్చింది.

ఆయన అక్కని దేశ విభజనకి ముందే, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న చిల్మారీ వైపు ఇచ్చారట. మా గేజి నుంచి పడవలో వెళ్తే అదేమంత దూరం కాదు. 1965 యుద్ధంతో కలకత్తా నుంచి తూర్పు పాకిస్తాన్ మీదుగా అస్సాం వచ్చే స్టీమర్లు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆమెను చూడలేదన్నాడు. ఆవిడ పేరు కూడా చెప్పాడు, నేనే మర్చిపోయాను. వానాకాలంలో మన అంకెలు ఢాకాకి వెళ్తాయని నేను చెబితే, నాకు తెలుసులే అన్నట్టు తలూపాడు. 1972లో రెండు దేశాలూ కలిసి నదుల కమిషన్ పెట్టుకున్న దగ్గర్నుంచి మొదలైన వ్యవహారం అది. మనుషులకు పాస్‌పోర్టు కావాలి. అంకెకి అక్కర్లేదు.

వరద తీశాక చార్ భూములు చూడ్డానికి పడవలో వెళ్ళాం. చార్ అంటే మన లంకే, కాకపోతే మరీ నిలకడ లేనిది. ఒక చోట ఇల్లు విప్పుతున్నారు. కూల్చడం కాదు, విప్పడం. ముందు పైకప్పు రేకులు, తర్వాత తడికల గోడలు, తర్వాత వెదురు నిట్రాళ్ళు. మేకుల్ని కూడా వంకర తీసి డబ్బాలో వేస్తున్నాడు ఒక పిల్లాడు. ఒడ్డు కోసుకుపోతూ వాళ్ళ గుమ్మానికి పది బారల్లోకి వచ్చేసింది. ఆ ఇంటావిడ చేతుల్లో ఎత్తుకుపోయే మట్టిపొయ్యి. అది మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే ఒళ్ళో పెట్టుకుని పడవెక్కింది. ఎక్కడికి అని అడిగాను. ఎదురుగా కొత్తగా తేలిన ఇసుక చూపించారు. దూరంగా సరిహద్దు దళం పడవ తిరుగుతోంది. గీత ఎక్కడుందో వాళ్ళకు తెలిసే ఉంటుంది. నాకు కనిపించింది మాత్రం ఎటు చూసినా ఒకటే బురదనీరు.

సెప్టెంబరు మొదట్లో రాత్రిపూట ఢాకా రేడియో వినేవాళ్ళం. చాచా విని నాకు హిందీలో చెప్పేవాడు. ఢాకా విమానాశ్రయం మూతపడిందన్నారు. తర్వాత లెక్కలు తీస్తే దేశంలో సుమారు 60 శాతం నీళ్ళలో ఉన్నట్టు తేలింది. చిల్మారీ పేరు వచ్చిందా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇప్పుడు ధుబ్రీ మట్టం నా ఫోన్లోనే కనిపిస్తుంది. వానాకాలంలో అప్పుడప్పుడూ చూస్తుంటాను. పై నుంచి మనకు అంకెలు రావడం మొదలైంది చాలా ఆలస్యంగా, 2002లో చైనాతో ఒప్పందం కుదిరాక. 2017లో డోక్లాం గొడవప్పుడు ఆ ఏడాది అంకెలు రాలేదు, మళ్ళీ 2018లో వచ్చాయి. 2025 జూలైలో నామ్చా బర్వా మలుపు దగ్గర చైనా బ్రహ్మాండమైన జలవిద్యుత్ ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజు టీవీలో పెద్ద చర్చ నడిచింది. నీళ్ళు ఎన్ని ఆపుతారు, ఎప్పుడు వదుల్తారు అని ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. మనం ఎగువన ఉండి కిందవాళ్ళతో ఎలా మసలుతున్నామన్నది ఎవరూ ఎత్తలేదు. బంగ్లాదేశ్‌తో తీస్తా నీళ్ళ పంపకం ఏళ్ళ తరబడి తెగకుండానే ఉంది. నది మీద ఎగువవాడు, దిగువవాడు అని రెండు జాతులు లేవు. టిబెట్‌కి మనం దిగువ, చిల్మారీకి మనం ఎగువ. చాచా ఆ చర్చలో కూర్చుని ఉంటే ఒకే ప్రశ్న వేసేవాడనుకుంటాను: రాత్రి పూట అక్కడ గీత చూసేదెవరు, చూసి ఎవరికి చెబుతారు?