కీవర్త్ మెట్ల మీద ఒక సాయంత్రం

డెట్రాయిట్‌లో చూడాల్సినవంటూ బంధువులు చెప్పినవన్నీ చూశాను. ఫోర్డ్ మ్యూజియం, నది ఒడ్డు బాగున్నాయి. మనసు మాత్రం హామ్‌ట్రామిక్ దగ్గరే ఆగిపోయింది.

డెట్రాయిట్ నడిమధ్యలో ఉన్న వేరే ఊరది. డాడ్జ్ కార్ల ఫ్యాక్టరీ పనికోసం పోలండ్ వాళ్లు వచ్చి కట్టుకున్నారు. 1980లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు కోనంట్ వీధిలో బెంగాలీ అక్షరాల బోర్డులు, పక్క వీధుల్లో యెమెన్ వాళ్ల కొట్లు. ఒక బంగ్లాదేశీ హోటల్లో ఇలిష్ చేప పులుసు పెట్టారు. మన గోదావరి పులస జాతే. ఆవఘాటు ముక్కుకెక్కుతుంటే ముల్లు ముల్లూ ఏరుకుంటూ అన్నం కలుపుకుని తిన్నాను. అమెరికాలో తిన్న భోజనాలన్నింటిలోకీ అదే గొప్పది.

"మామయ్యా, మ్యాచ్ టైమవుతోంది" అని మా మేనల్లుడు తొందరపెట్టాడు. డెట్రాయిట్ శివారు నోవైలో ఉంటాడు, కార్ల కంపెనీలో ఇంజినీరు. డెట్రాయిట్ సిటీ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బంటే పడిచస్తాడు.

కీవర్త్ స్టేడియం హామ్‌ట్రామిక్‌లోనే, ఇళ్ల మధ్యలో ఉంది. ఆర్థికమాంద్యం రోజుల్లో నిరుద్యోగులకు పని కల్పించడానికి కట్టారు. 1936 అక్టోబరులో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చి ప్రారంభించాడు. మెట్ల మీద కూర్చుంటే వీపు ఆనించుకునే వీల్లేదు, నడుం పట్టేసింది. అయినా లేచి వెళ్లాలనిపించలేదు.

నా పక్కన మెరూన్ కండువా కప్పుకున్న పెద్దాయన కూర్చున్నాడు. కింద మెట్ల వైపు చూపిస్తూ, "వీటికి నేనూ అప్పిచ్చాను" అన్నాడు. 2012లో పుట్టిన క్లబ్బు మొదట హైస్కూలు మైదానంలో ఆడేది. వచ్చేవాళ్లకు చోటు చాలక, 2016లో శిథిలమైపోతున్న కీవర్త్‌ను బాగుచేసుకోవడానికి అభిమానుల్నే అప్పడిగింది. 7,41,250 డాలర్లు పోగయ్యాయి. 2022లో జట్టు రెండో శ్రేణి లీగైన యూఎస్ఎల్ చాంపియన్‌షిప్‌లోకి వచ్చింది.

రెండో శ్రేణి అనగానే చిన్నచూపు చూస్తాం. ఇక్కడ పై మెట్టు ఎక్కడానికి గెలుపులు చాలవు. పై లీగులో చోటు కోసం శాన్‌డియాగో వాళ్లు కట్టిన రుసుము 50 కోట్ల డాలర్లు. ఎంత బాగా ఆడినా, అంత డబ్బు లేని ఊరు కిందే ఉండాలి. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. గెలిచినవాళ్లు పైకి, ఓడినవాళ్లు కిందికి వెళ్లే పద్ధతి తేవాలని 2025లో యూఎస్ఎల్ క్లబ్బుల యజమానులు ఓటేశారట. వినగానే సంతోషమేసింది.

మార్చి నుంచి శరత్కాలం దాకా సాగే యూఎస్ఎల్ చాంపియన్‌షిప్ సీజన్‌లో తూర్పు, పడమర విభాగాల నుంచి ఎనిమిదేసి జట్లు ప్లేఆఫ్‌కి వెళ్తాయి. 2023లో తూర్పున ఎనిమిదో స్థానంతో గట్టెక్కిన డెట్రాయిట్, లీగంతటికీ అగ్రస్థానంలో ఉన్న పిట్స్‌బర్గ్‌ను వాళ్ల ఊళ్లోనే 1-0తో ఓడించింది. ఆ ఆట గురించి చెబుతుంటే పెద్దాయన గొంతు వణికింది.

మ్యాచ్ మొదలయ్యాక డప్పుల మోత ఆగలేదు. నార్తర్న్ గార్డ్ అనే అభిమానుల గుంపు గొంతులు బొంగురుపోయేలా పాడుతూనే ఉంది. వాళ్ల మధ్య ఒక పిల్లాడు, పదేళ్లుంటాయేమో, వేళ్లకు తెల్ల టేపు చుట్టుకుని డోలు వాయిస్తున్నాడు. టేపు ఊడి వేలాడుతున్నా పుల్ల వదల్లేదు. డెట్రాయిట్ గోల్ కొట్టగానే ఎర్రటి పొగ కమ్మేసి మైదానం కనబడకుండా పోయింది. పెద్దాయన నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. నేనూ అరిచాను.



క్లబ్బు డెట్రాయిట్ నగరంలో కొత్త స్టేడియం తెరుస్తామంటోంది. వీపుకి ఆసరా ఉన్న కుర్చీలు వేస్తే మంచిదే. అంతకంటే ముందు, కష్టకాలంలో అప్పిచ్చి నిలబెట్టిన ఆ పెద్దాయనలాంటి వాళ్లకు, డోలు వాయించిన ఆ పిల్లాడి ఇంటివాళ్లకు అందుబాటు ధరలో టికెట్ దొరకాలి. వాళ్లు లేని కొత్త స్టేడియానికి ఈ క్లబ్బు పేరు పెట్టుకున్నా, అది ఈ క్లబ్బుది కాదు.