బేతంచెర్ల బండకు ఒక ఉలి

చుట్టాలు ఎవరొచ్చినా అమెరికాలో మేముండే మిల్వాకీ నుంచి గంట దూరంలో, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న షెబోయ్‌గన్‌కు తీసుకెళ్తాను. అక్కడి జాన్ మైకేల్ కోలర్ ఆర్ట్స్ సెంటర్‌లో ముందు చూపించేది మరుగుదొడ్లే. ఆ మాట విని మా మేనత్త నన్ను ఎగాదిగా చూసింది.

ఆన్ ఏజీ అనే కళాకారిణి 1999లో చేసిన మగవాళ్ల గది అది. గోడ పలకలు, ఆఖరికి మూత్రం పోసే తొట్లు కూడా తెల్ల పింగాణీ మీద నీలిరంగు బొమ్మలే. ఆ ఊరికీ నీటికీ ఉన్న సంబంధమంతా అందులో ఉంది. ఊరికే చూడ్డానికి కాదు, వాడుకుంటారు కూడా. లోపల ఎవరూ లేరని నేను చెప్పాక అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లింది. కంపు లేదని తెలిశాక కొంగు వదిలేసి, కలంకారీ చీర బేరం చేస్తున్నట్టు ఒక్కో పలకనూ తడిమింది.

1974 నుంచి ఈ సెంటర్ కళాకారుల్ని పక్క ఊళ్లో ఉన్న కోలర్ ఫ్యాక్టరీకి పంపుతోంది. సింకులు, కమోడ్లు తయారయ్యే చోటే నెలల తరబడి వాళ్ల పని. జారుగా కలిపిన మట్టిని ప్లాస్టర్ అచ్చులో పోస్తారు. అచ్చు నీళ్లు పీల్చుకుని గోడన ఒక పొర కడుతుంది, మిగతాది వంపేస్తారు. పొర ఎంత మందాన ఆపాలో, ఆరేటప్పుడు ఎక్కడ పగులుతుందో చేయి తిరిగిన కార్మికుణ్ణే అడగాలి. స్టూడియో ఎవరైనా ఇస్తారు. షిఫ్టులో ఉన్న మనిషి పక్కన చోటివ్వడం నాకు నచ్చింది.

అది చూసినప్పుడల్లా మా ఊరివైపు రాతిపని గుర్తొస్తుంది. మాది ఆత్మకూరు. మా నంద్యాల జిల్లాలోనే ఆళ్లగడ్డ శిల్పులున్నారు, వాళ్ల పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ జిల్లాలోనే బేతంచెర్ల ఉంది, మా ఇంట్లో వసారా నుంచి వంటింటి దాకా పరిచింది అక్కడి బండలే. రోలూ తిరగలీ మూలన పడ్డాక ఇంట్లో రాతిపని అంటే ఆ నేలబండలే మిగిలాయి. ఉలి గుడికి, కోతమిషను ఇంటికి అని పంచుకున్నట్టుంది.

కోలర్ వాళ్లలాగే బేతంచెర్లలో ఒక బండల పాలిషింగ్ యూనిట్ వాళ్లు ఆళ్లగడ్డ కుర్రాణ్ణి మూడు నెలలు మిషను దగ్గర పెట్టుకుంటే? దేవుణ్ణి కాదు, బడిలో పిల్లలు చేతులు కడుక్కునే తొట్టి చేయమంటే? విరిగిన బండలు ఎలాగూ ఉంటాయి. కాకపోతే మూడు నెలలు విగ్రహాల ఆర్డర్లు వదులుకోమంటే అతని ఇల్లు గడవాలి కదా. విగ్రహానికని చందా అడిగితే మిల్వాకీలోని మావాళ్లు వెంటనే ఇస్తారు. నీళ్లతొట్టికి ఎవరిస్తారో ఈ దసరాకి అడిగి చూస్తాను.