విశాఖ ఒడ్డున కానాగంత

పిల్లలూ, ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా సరే, ఒక చేప పేరు చెప్పవలసి వచ్చినప్పుడు మన తెలుగుమాటే పలుకుతాడు. ఆ చేప కానాగంత. ఊరు మారితే పలుకు కొంచెం మారుతుంది. కొందరు కానగర్త అంటారు, కొందరు కానగుర్త అంటారు. దాన్ని ఒడ్డున నిలబడి చూడాలంటే విశాఖపట్నం మంచి చోటు. ఆ పేరు ప్రపంచానికి వెళ్ళింది కూడా అక్కడినుంచే. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు చేపను చూద్దాం.

పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని తెల్లవారేసరికి జాలరిపేట ఇసుకలోకి వెళ్ళండి. అలివి వల లాగే రోజయితే మీ అదృష్టం. ఈ వల చాలా పెద్దది. దాని తాడు ఒక కొన ఒడ్డున ఉన్నవాళ్ళ చేతిలో ఉంటుంది. పడవవాళ్ళు వలను సముద్రంలో వంపుగా వదులుకుంటూ వెళ్ళి, రెండవ కొన తాడును కొంచెం దూరంలో ఒడ్డుకు చేరుస్తారు. ఇక రెండు జట్లవాళ్ళూ పాదాలు ఇసుకలో పాతుకుని, పాట పాడుకుంటూ, మెల్లగా దగ్గరకు జరుగుతూ లాగుతారు. పాట లేకపోతే అందరి బలమూ ఒక్కసారి పడదు. మీరు మాత్రం తాళ్ళకు దూరంగా నిలబడాలి.

చివరకు వల నడుమనున్న సంచి ఒడ్డెక్కుతుంది. అందులో నెత్తళ్ళు, కవళ్ళు, కారలు, రిబ్బనులా మెరిసే సావళ్ళు, అన్నీ కలిసి గిలగిలలాడుతూ ఉంటాయి. చూడగానే చెయ్యి పెట్టబోతారు. పెట్టకండి! వాటి మధ్య జెల్ల ఉండవచ్చు. జెల్ల రెక్కల ముల్లు గుచ్చుకుంటే విషపు మంట పుడుతుంది. జాలరివాళ్ళు ఏరి పక్కన వేసేదాకా ఆగండి.

ఇప్పుడు కానాగంతను గుర్తుపట్టండి చూద్దాం. మీ జానెడు, లేదా అంతకు కొంచెం ఎక్కువ పొడవుంటుంది. నూలు వడికే కదురులాగా నడుమ లావు, రెండు కొసలా సన్నం. వీపు నీలంతో కలిసిన ఆకుపచ్చ, పొట్ట వెండి. వీపు మీద నల్లని సన్నటి చారలూ, చిన్న చుక్కల వరసలూ ఉంటాయి. పక్క రెక్క అంచు కింద ఒక నల్లమచ్చ ఉంటుంది. ఇవన్నీ చెప్పినా కొత్తవాళ్ళు తడబడతారు. అందుకని అసలు గుర్తు చెబుతాను. వీపు మీద రెండు రెక్కలుంటాయి. రెండవ రెక్క దాటాక, తోక దాకా, చిన్న చిన్న బుల్లి రెక్కలు వరసగా నిలబడి ఉంటాయి. లెక్కపెట్టండి: అయిదు. చేపను తిరగేసి పొట్టవైపు చూడండి, అక్కడా అయిదే.

పక్కనే ఉన్న కవళ్ళకు ఈ బుల్లి రెక్కలు లేవు. వీపు మీద ఒక్కటే రెక్క. తోక వైపునుంచి తల వైపుకు పొట్ట అంచు మీద వేలు రాస్తే రంపంలా గరగరలాడుతుంది. కానాగంత పొట్ట నున్నగా ఉంటుంది. ఈ రెండింటినీ ఒకసారి వేలితో తడిమినవాడు మళ్ళీ జన్మలో పొరబడడు.

వీపు ముదురు రంగూ, పొట్ట వెండి రంగూ ఎందుకో ఆలోచించారా? పైనుంచి చూసే పక్షికి ఆ వీపు సముద్రపు నీటిలో కలిసిపోతుంది. కిందనుంచి చూసే పెద్ద చేపకు ఆ పొట్ట వెలుతురులో కలిసిపోతుంది. ఒకే చొక్కాకు రెండు పక్కలా దొంగచాటు!

దాని మొప్ప మూత ఎత్తి లోపల చూడండి. దువ్వెన పళ్ళలాంటి పొడుగాటి పుల్లలు కనిపిస్తాయి. కానాగంత నోరు తెరుచుకుని గుంపుగా ఈదుతూ పోతుంది. నీళ్ళు మొప్పల గుండా బయటికి పోతాయి. నీళ్ళలోని కంటికి ఆనని జీవులు ఆ దువ్వెనకు చిక్కుకుంటాయి. అదే దాని భోజనం. అందుకే శాస్త్రంలో దీని ఇంటిపేరు రాస్ట్రెల్లిగర్, అంటే దంతె ధరించినది అని. ఇక అసలు పేరు కానాగుర్తా.

ఆ పేరు ఎలా వచ్చిందంటే, పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. రక్తపింజరిని ఇంగ్లీషువాళ్ళు పిలిచే పేరు ఈయన పేరే. ఆయన పాముల సంగతి చూస్తూనే చేపలను కూడా సేకరించాడు. 200 చేపల బొమ్మలతో, వర్ణనలతో 1803లో లండనులో పుస్తకం అచ్చయింది. అందులో స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. 1816లో క్యువియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ చేపకు శాస్త్రీయ నామం పెడుతూ, ఆ పుస్తకంలోని మాటనే తీసుకున్నాడు. ఆయన మన దేశం ఎన్నడూ రాలేదు. ఇదే చేపను కేరళలో అయిల అంటారు, కన్నడంలో బంగుడె, గోవాలో బాంగ్డా. ఆఫ్రికా తూర్పు తీరంలోనూ, ఎర్రసముద్రంలోనూ ఇది దొరుకుతుంది. కాని పుస్తకంలో ఎక్కడ వెతికినా విశాఖ జాలరి పిలిచిన పేరే! ఆ జాలరి ఎవరో ఎవరూ రాసిపెట్టలేదు, నాకు ఆ ఒక్కటే కష్టంగా ఉంటుంది.

ఇక తినే సంగతి. తాజా కానాగంతకు కన్ను ఉబ్బుగా, తేటగా ఉంటుంది. మొప్ప ఎర్రగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే గుంట పడదు. ఈ పరీక్షలు ప్రతి చేపకూ పనికివస్తాయి. కానాగంతకు మాత్రం ఇంకొకటి కావాలి, దయచేసి తల్లిదండ్రులు కూడా వినాలి. ఈ చేప మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చచ్చిన చేప ఎండలో పడి ఉంటే, సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. హిస్టమిన్ ఎక్కువైన చేపను తింటే కొద్దిసేపట్లోనే ముఖం ఎర్రబడుతుంది, తల నొస్తుంది, ఒళ్ళంతా దురద పుడుతుంది, గుండె దడదడలాడుతుంది. అప్పుడు వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. వింత ఏమిటంటే, దాన్ని ముక్కు పసిగట్టలేకపోవచ్చు. ఎంత ఉడికించినా, ఉప్పులో ఊరవేసినా అది పోదు. అందుచేత కళ్ళతో చూసి ఊరుకోకుండా నోటితో అడగండి: ఎప్పుడు పట్టారు, పట్టినప్పటినుంచి మంచులో పెట్టారా? జవాబు తిన్నగా రాకపోతే, ఎంత చవకైనా, వదిలి రండి. చేప కొన్నాక కూడా దాన్ని సంచిలో వేసుకుని బజారంతా తిరగకండి.

కానాగంత పొలుసు సన్నది, కత్తితో నాలుగుసార్లు గీకితే పోతుంది. పొట్టలోనివీ, మొప్పలూ తీసివేసి కడగాలి. పసుపు, కారం, ఉప్పు పట్టించి పెనం మీద వేయిస్తే పిల్లలు ఇష్టంగా తింటారు. నా మాట వింటే పులుసు పెట్టించుకోండి. మట్టిచట్టిలో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేగాక చింతపండు పులుసు పోసి, అది తెర్లేటప్పుడు ముక్కలు వదులుతారు. ఆ తరవాత గరిటె పెట్టరు, ముక్క విరిగిపోతుంది. గుడ్డతో చట్టి అంచులు పట్టుకుని మెల్లగా తిప్పుతారు. దించేముందు చిటికెడు మెంతిపిండి.

ఈ చేపలో నూనె ఎక్కువ. గుండెకు మేలు చేసే ఒమేగా-3 అనేది అందులోనే ఉంది. ముళ్ళకు భయపడే పిల్లలకు కూడా ఇది సులువైన చేప. వీపు గీత వెంట వేలు పెట్టి మాంసాన్ని పక్కకు తీస్తే, నడిమి ముల్లు తల నుంచి తోక దాకా ఒక్కటిగా ఊడి వస్తుంది. పొట్టవైపు సన్నముళ్ళు మాత్రం చూసుకుని తినాలి. చిన్నపిల్లలకు అమ్మ ఒలిచి పెట్టవలసిందే. ఆ నడిమి ముల్లు కోసం పిల్లి అప్పటికే గుమ్మంలో కూర్చుని ఉంటుంది.