న్యాయస్థానంలో నిలబడే వేళ

న్యాయస్థానం మెట్లెక్కడమే పరువు తక్కువని మనలో అనేకులు భావిస్తారు. అందువలన చేయని తప్పుకు సైతం జరిమానా చెల్లించి మిన్నకుంటారు. మరికొందరు చేసిన తప్పును కూడా కాదని బుకాయించదలుస్తారు. ఈ రెండూ సరికావని మా అభిప్రాయం.

గత సంవత్సరం మా మేనల్లుని పేర రెండు చలానాలు వచ్చాయి. ఒకటి హెల్మెట్ లేకుండా బండి నడిపినందుకు. అది అతడు జుమా నమాజుకు వెళ్లిన నాటిది. రెండవది సిగ్నల్ దాటినందుకు. ఆ ఫొటోలోని బండి అతనిది కానే కాదు. నంబరులోని 3ను 8గా చదివి అతని పేర వ్రాశారు. "మామూ, రెండూ కాదంటాను. తలపై టోపీ ఉందని చెబుతాను" అన్నాడు.

"బేటా, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపునిచ్చింది. మన టోపీకి ఇవ్వలేదు. నిజమైన చలానా కట్టివేయి. తప్పుడుదానిపై నిలబడు. ఒక అబద్ధం ఆడిన నోట వెలువడే నిజాన్ని ఎవరు నమ్ముతారు?" అన్నాము.

అతని తల్లికి వేరొక దిగులు. "టోపీ తీసి వెళ్లు" అన్నది. అవసరం లేదన్నాము. టోపీ మనకు సాకు కారాదు, సిగ్గూ కారాదు.

ఉతికిన బట్టలు, ఆర్.సి., లైసెన్సు, ఫొటో ప్రతి, తన బండి నంబరు ప్లేటు చిత్రం, అన్నీ వరుసగా అమర్చిన ఫైలు: ఇంతే అతని సన్నాహం. పిలుపుకు అరగంట ముందే చేరాడు. సెల్‌ఫోన్ ఆపివేశాడు. న్యాయమూర్తిని ఎలా పిలవాలని అడిగితే, "సర్" అంటే చాలునన్నాము. దిగువ కోర్టులలో న్యాయవాదులు సైతం అలా సంబోధించవచ్చునని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లోనే నిర్ణయించింది.

పేరు పిలవగానే ముందుకు వెళ్లి, పోలీసులను నిందించక, "సర్, ఈ బండి నాది కాదు. నంబరులో ఒక అంకె వేరు. నా పత్రాలు ఇవి" అని మాత్రమే చెప్పాడు. న్యాయమూర్తి రెండు చిత్రాలను పోల్చి చూసి, ఆ చలానాను కొట్టివేశారు.

ప్రతిసారీ తీర్పు ఇలాగే అనుకూలంగా వస్తుందని మేము అనము. అయితే సత్యం, క్లుప్తత, మర్యాద కలిగినవాడు ఓడినా తలవంచుకొని ఇంటికి రానవసరం లేదు. మన బిడ్డలకు నమాజు వరుసలో నిలబడే పద్ధతి నేర్పుతున్నాము. అధికారి ఎదుట నిలబడి నిజం చెప్పే పద్ధతిని కూడా ఇంటనే నేర్పుదాము.