ఎక్కడి గొంగళి అక్కడే

హనుమకొండలో మానసిక వైద్యుడిగా నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది జబ్బు పేరుతో మొదలుపెట్టరు. "ఎక్కడి గొంగళి అక్కడనే ఉన్నది సార్" అంటారు. "పొద్దు గడుస్తున్నది కాని బతుకు ముందటికి పోతలేదు" అంటారు. నిద్ర సంగతి, ఆకలి సంగతి నేను అడిగితేనే చెబుతారు. ఈ మాట విన్నప్పుడు నేను ముందుగా చూసేది మనసును కాదు, ఒంటిని. (ఇక్కడ ప్రస్తావించినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.)

నలభై దాటిన ఒక టీచరమ్మను భర్త తీసుకొచ్చారు. ఇంటి పని, బడి పని ఏదీ చేయబుద్ధి కావడం లేదని ఆమె, బద్ధకం పెరిగిపోయిందని ఆయన. మనసు దిటవు చేసుకోమని చుట్టాలు, ధ్యానం చేయమని తోటి టీచర్లు అప్పటికే చెప్పారు. ఆమె గొంతు బొంగురుగా ఉంది. చర్మం పొడిబారింది. అందరూ ఉక్కపోతతో విసురుకుంటుంటే ఆమె చలికి కొంగు కప్పుకుని కూర్చుంది. రక్తపరీక్షలో థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాక, కొన్ని నెలలకు మనిషి తేరుకుంది. రక్తహీనత, బి12 లోపం, గురకతో చెదిరిపోయే నిద్ర కూడా మనిషిని ఇలాగే కూలబెడతాయి. ఒంటి జబ్బుకు ధైర్యవచనాలు మందు కావు. అవి వినీవినీ ఆమె తనను తాను సోమరిగా తిట్టుకుంటూ గడిపిన కాలాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

పరీక్షలన్నీ బాగుండి కూడా కదలలేనివారి సంగతి వేరు. పరకాల దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి ముప్పై ఏళ్లు దాటిన కొడుకును వెంటబెట్టుకొచ్చింది. బీటెక్ చదివాడు. గ్రూప్స్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఏళ్లకేళ్లు చదివాడు. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకు బయటపడటంతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. ఆ తర్వాత అతను పుస్తకాలు సర్దుకుని ఊరికి వచ్చేశాడు. తెల్లవారుజామున మూడింటికి పడుకుని మధ్యాహ్నం లేస్తున్నాడు. ఫోన్ తీయడు. పెళ్లిళ్లకు పోడు.

"మంచిగనే చదివిండు సారు. ఇప్పుడు అర్రలకెల్లి బయటికే వస్తలేడు" అంది తల్లి.

"చదవకుంటే నా తప్పు. పరీక్షనే రద్దయితే నేనేం చేద్దు సార్?" అన్నాడు అతను, నేల చూపులు చూస్తూ.

ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించనూ లేదు. తల్లిని కాసేపు బయట కూర్చోమని, చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని ఇళ్లలో భయపడతారు. అలా పుట్టదు. పైగా ఎదుటివాడికి చెప్పుకునే దారి దొరుకుతుంది. లేనిపోని ఊహలు వచ్చిపోయేవే కాని, ప్రయత్నం ఏదీ లేదన్నాడు. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చాను. ఏ రాత్రయినా, ఎవరైనా, డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇది చదువుతున్నవారు కూడా రాసి పెట్టుకోవాలని కోరుకుంటాను.

అతనికి ఉన్నది డిప్రెషన్. మాత్ర మొదలుపెట్టాను. అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని ముందే చెప్పాను. అంతకంటే ముఖ్యమైన పని ఒకటి అప్పగించాను: పొద్దున ఆరింటికి నాన్నతో పొలానికి పోయి, మోటారు వేసి, మడికి నీళ్లు మళ్లించి రావాలి.

"దాంతోని ఏమైతది సార్? ఉద్యోగమస్తదా?"

రాదన్నాను. ఉద్యోగం నీ ఒక్కడి చేతిలో లేదు, మోటారు స్టార్టర్ నీ చేతిలో ఉంది అన్నాను.

ఈ మాట వెనక సుమారు అరవై ఏళ్ల పరిశోధన ఉంది. 1967 ప్రాంతంలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ప్రయోగాలు చేశారు. వాటి గురించి చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. ఏం చేసినా ఆగని కరెంటు షాకులు తిన్న కుక్కలను తర్వాత పొట్టి అడ్డుగోడ ఉన్న పెట్టెలో పెట్టారు. ఒక్క దూకు దూకితే బయటపడొచ్చు. చాలా కుక్కలు దూకలేదు, మూలుగుతూ అక్కడే పడుకున్నాయి. నిస్సహాయతను నేర్చుకున్నాయని అప్పట్లో తేల్చారు. దాదాపు యాభై ఏళ్లకు, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. ఎడతెగని కష్టం ముందు కదలకుండా పడిపోవడం మెదడు తనంతట తాను చేసే పనేనట, ఎవరూ నేర్పనక్కర్లేదట. నేర్చుకోవాల్సింది "ఇది నా చేతిలో ఉంది" అనే సంగతిని. నుదుటి వెనకున్న మెదడు భాగం ఆ సంగతిని పసిగట్టినప్పుడు, లోతుల్లో మొదలైన ఆ బిగుసుకుపోవడాన్ని అణచగలుగుతుంది. నా దగ్గరికి వచ్చేవారికి ఇది తప్పక చెబుతాను. ఎందుకంటే వాళ్లలో ప్రతి ఒక్కరూ తమది పిరికితనమనీ చేతకానితనమనీ నమ్మి వస్తారు.

ఆ తొలి ప్రయోగాల్లోనే ఇంకో విషయం ఉంది. పిలిచినా, తిండి చూపినా కదలని కుక్కలను పట్టీ పట్టుకుని గోడ అవతలికి మళ్లీ మళ్లీ లాగారు. కొన్నాళ్లకు అవి వాటంతట అవే దూకాయి. మనుషుల్లోనూ హుషారు ముందు వచ్చి తర్వాత పని మొదలవ్వాలని చూస్తూ కూర్చుంటే, ఆ హుషారు రాదు. 1996లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నీల్ జేకబ్సన్ బృందం డిప్రెషన్ రోగులకు ఆలోచనలు మార్చే చికిత్సను పక్కనపెట్టి, పనుల్లోకి దింపే భాగం ఒక్కటే ఇచ్చి చూసింది. ఫలితం ఏమీ తగ్గలేదు.

ఆ అబ్బాయి తల్లికి ఒకటే చెప్పాను. హితబోధ వద్దు, పక్కింటి పిల్లవాడి ఉద్యోగం ఊసు వద్దు, లేపి గట్టు దాకా తోడు నడువు చాలు అని. మొదటి వారం ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్తేనే వెళ్లాడు. తిరిగొచ్చి మళ్లీ పడుకునేవాడు. వెళ్లే ముందు, వచ్చాక మనసు ఎలా ఉందో పదికి మార్కులు వేసి నోటుబుక్కులో రాయమన్నాను. రెండు, రెండు, రెండు. తర్వాత రెండు, మూడు. ఒకరోజు నాలుగు. ఆ నాలుగును అతనే వేలుపెట్టి చూపించాడు. నెమ్మదిగా ఇరుగుపొరుగు పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలైంది. ఇంకా ఎంతకాలం పరీక్షలు రాయాలో తనే ఒక గడువు పెట్టుకున్నాడు. 2024లో కొత్త నోటిఫికేషన్ మీద జరిగిన గ్రూప్-1 రాశాడు, ఎంపిక కాలేదు. ఆ కబురు చెప్పడానికి అమ్మ తోడు లేకుండా ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. సాయంత్రాలు ఒక కోచింగ్ సెంటర్‌లో అంకగణితం చెబుతున్నానన్నాడు.

అయితే ప్రతివారికీ నువ్వే కదులు అని చెప్పడం అన్యాయం. తలనొప్పులతో వచ్చిన ఒక కోడలికి నేను మందేమీ రాయలేదు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తను కొన్నేళ్లుగా ఆమె ఒక్కతే చూసుకుంటోంది. భర్త మస్కట్‌లో ఉన్నాడు. రాత్రి మూడుసార్లు లేచి పక్క మార్చాలి, గుడ్డలు మార్చాలి. "నా బతుకు గింతే సార్" అంది. ఆమెకు నేర్పాల్సింది ఏమీ కనిపించలేదు. ఆమె ముందున్న గోడ నిజమైన గోడే. ఊళ్లోనే ఉన్న మరిదిని, తోటికోడలిని పిలిపించాను. అమ్మను చూడటం కొడుకులిద్దరి పని అని చెబితే మరిది మొదట ముఖం మాడ్చుకున్నాడు. వారానికి రెండు రాత్రులు తన వంతు అని చివరికి ఒప్పుకున్నాడు. తెలంగాణలో ఉపశమన చికిత్స (పాలియేటివ్) కేంద్రాల నుంచి ‘ఆలన’ బృందాలు మంచాన పడ్డవారి ఇళ్లకే వస్తాయని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పుండ్లకు కట్టు కట్టడం, పక్క మార్చడం వాళ్లు ఇంటివాళ్లకు చూపిస్తారు. ఎవరిని అడగాలో మరిదికే రాసిచ్చాను, ఆమెకు ఇవ్వలేదు. ఆ తిరుగుడు కూడా ఆమె నెత్తిన పడకూడదని.

నెల తర్వాత ఆమె వచ్చింది. తలనొప్పి పూర్తిగా పోలేదు. మరిది ఒక వారం ఎగ్గొట్టాడట కూడా. ఈసారి ఆమె ఊరుకోలేదు. ఫోన్ చేసి రమ్మని, అతను వచ్చాక తల్లిగారింటికి వెళ్లి ఒక రాత్రంతా నిద్రపోయి వచ్చింది.