ఎత్తు పెరిగిన బండి

టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయికి 1965 నాటి ఫోర్డ్ పికప్ ఒకటి దొరికింది. మేం వెళ్ళేసరికి దాన్ని నాలుగంగుళాలు పైకి లేపించి మురిసిపోతున్నాడు.

"మరి బ్రేకు పైపులో?" అన్నారు మావారు.

పిల్ల ఎదిగితే పరికిణీ మడత విప్పమూ? ఇదీ అంతే. బండి లేచినా, ఛాసిస్ నుంచి చక్రాలవైపు బ్రేక్ ఆయిల్ తీసుకెళ్ళే రబ్బరు పైపులు పాత పొడవే. చక్రం గోతిలోకి జారితే పైపు బిగదీసుకుని తెగొచ్చు. ఆ కాలపు బండిలో అన్ని చక్రాలకూ ఆయిల్ తొట్టి ఒకటేనట. ఒక్క పైపు తెగినా నాలుగు బ్రేకులూ పోయినట్టే! అది విన్నాక నాకు ముద్ద దిగితే ఒట్టు.

కొట్లో బండి సంవత్సరం చెబితే పాత పొడవువే ఇస్తారు. జాకెట్టు చేతులెత్తి చూసుకున్నట్టు, బండిని స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు వేలాడుతుండగా, ముందువి అటూ ఇటూ పూర్తిగా తిప్పి కొలవాలి. కొసల మరలూ కలవాలి. కొలతలిచ్చి కొత్తవి చేయించాడు.

పైపుల్లో గాలి తీసేటప్పుడు పెడల్ దగ్గర నేనే. "తొక్కి పట్టుకో అమ్మా... ఆఁ, ఇప్పుడు వదులు" అంటాడు కిందనుంచి. ఎన్నిసార్లో! చివరికి పెడల్ రాయిలా గట్టిపడింది.

బండెక్కడానికి మాత్రం నాకు పీట కావాలి.