క్లియరెన్సు

మా మేనకోడలు విమానం నేర్చుకుంటానన్ననాడు ఇంట్లో అందరికంటే ముందు అడ్డం పడ్డవాణ్ణి నేనే. 2022 ఫిబ్రవరి 26న మన నల్లగొండ జిల్లా తుంగతుర్తి దగ్గర చిన్న శిక్షణ విమానం కూలి, ఒంటరిగా నడుపుతున్న అమ్మాయి చనిపోయింది. ఆ వార్త చదివిన మేనమామ ఇంకేమంటాడు!

అక్క కూతురు మొండిది. చేరింది. సెలవులకు వచ్చినప్పుడు అడిగిన: "టవరోళ్లు క్లియరెన్సు ఇస్తరు గద, గుట్ట అడ్డమొస్తే వాళ్లే చెప్తరు గద?"

"చెప్పాలని లేదు మామా. గుట్ట సంగతి నాదే" అన్నది.

నాకు దిగులైంది. ఆమె కాగితం మీద గీసి చెప్పింది. కంటిచూపుతో నడిపే విమానానికి ఇచ్చే క్లియరెన్సు ప్రధానంగా తోటి విమానాల లెక్క. నేలను, కొండను చూసుకోవలసింది పైలటే. 'ఫలానా దిక్కు తిరుగు' అన్నా సరే, ముందర మబ్బుంటే 'అనేబుల్' అనాలి, అంటే 'కుదరదు' అని. పెద్దలకు ఎదురు చెప్పొద్దని పెంచిన మన పిల్లలకు ఆ ఒక్క మాటే కష్టమట. ఆ పెంపకంలో నా వాటా కూడా ఉంది మరి.

ఇంకొక చిక్కు. మీటరు చూపే ఎత్తు సముద్రమట్టం నుంచి. మన పాలమూరు నేలే దాదాపు 1,600 అడుగులు. ముల్లు 3,000 చూపితే కాళ్లకింద మిగిలేది 1,400. అదే ముల్లుతో దక్షిణంగా పోతే నల్లమల వస్తుంది. అక్కడ కొన్ని శిఖరాలు 3,000 అడుగుల దరిదాపుల్లో ఉన్నాయి.

2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు చేరింది ఆ నల్లమలకే. అయిదుగురు పోయారు. జాడ దొరికేసరికి మర్నాడైంది. ఆనాటి చెడు వాతావరణం, పైలట్ల దృష్టి ఆయిలు ప్రెషరు హెచ్చరిక మీదికి మళ్లడం, ఈ రెండూ విచారణ నివేదికలోకి ఎక్కాయి. బయలుదేరడానికి అనుమతి ఉన్న ప్రయాణమే అది.

ఈ మాట ఎత్తితే పిల్ల కాసేపు ఊరుకున్నది. తర్వాత మ్యాపు పరచి, "కోయిలకొండ గుట్ట ఎన్ని అడుగులుంటది మామా?" అన్నది.

ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఆ గుట్ట ఎన్నిసార్లు ఎక్కిన్నో! నాకు తెలవదు.

ఇద్దరం మ్యాపు మీద వెతికినం.